కాలు విరిగితే బాగుండు అని దండం పెట్టుకుంటున్నాను మేడమ్

ఈసారి వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. పేరు, ఊరు, హాస్టల్ పేరు రాయొద్దంది కాబట్టి రాయట్లేదు, గుర్తుపట్టేలా ఉన్న వివరాలు ఒకటి రెండు మార్చాను, మిగతాదంతా తను రాసిందే.

ఈ అమ్మాయికి 20 ఏళ్ళు. మెట్ట సేద్యం ఇంటి పిల్ల. తొమ్మిదో క్లాసులో స్కూల్ మీట్‌లో చెప్పుల్లేకుండా పరిగెత్తి ఫస్ట్ వస్తే పీఈటీ సార్ చూసి సొంత డబ్బుతో స్పైక్స్, అంటే మేకులున్న పరుగు బూట్లు, కొనిచ్చారట. ఇప్పుడు ఒక అకాడమీ హాస్టల్‌లో ఉంటూ డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది, ఈవెంట్స్ 800, 1500 మీటర్ల పరుగు. పోయిన ఏడాది 800లో 2 నిమిషాల 12 సెకన్లు చేసి స్టేట్ మెడల్ కొట్టింది. ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే మాట, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. దానికోసం వాళ్ళ నాన్న రెండు గేదెల్ని అమ్మాడు, అమ్మ కమ్మలు బ్యాంకులో ఉన్నాయి.

మెడల్ వచ్చాక కోచ్ సార్ లోడ్, అంటే ప్రాక్టీస్ మోతాదు, పెంచారు. వారంలో ఆరు రోజులు, పొద్దున ఐదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి. మొదట్లో టైమింగ్ తగ్గింది కూడా, తర్వాత ఆగిపోయింది, తర్వాత పెరగడం మొదలైంది. మొన్నటి మీట్‌లో 2 నిమిషాల 19 సెకన్లు. సార్ అందరి ముందూ ఇంట్రస్ట్ పోయిందా, ఫోన్ ఎక్కువైందా అన్నారట. దాంతో ఆదివారం సెలవు రోజు సాయంత్రం ఎవరికీ తెలియకుండా కాలవ గట్టు మీద ఇంకో ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తుతోంది. మెస్ గోడ మీద అందరి బరువులూ రాసి పెడతారు, తన పేరు పక్కన 51 ఉండేది, తిండి తగ్గించి 48కి తెచ్చింది. ఏడు నెలలుగా పీరియడ్స్ లేవు, రూమ్‌లో సీనియర్ అక్క "మంచిదేలే, మీట్లప్పుడు గొడవ ఉండదు, ఫిట్‌గా ఉన్నట్టే" అందట. నిద్ర లేవగానే పల్స్ 52 ఉండేది, ఇప్పుడు 66. ఒళ్ళు విరిగిపోయేంత అలసట ఉన్నా రాత్రి రెండింటి దాకా నిద్ర రాదు. కుడి కాలి ముందు ఎముక మీద రూపాయి బిళ్ళంత చోట నొప్పి, ముందు పరిగెత్తేటప్పుడే ఉండేది, ఇప్పుడు మంచం మీద పడుకున్నా ఉంటోంది. స్పైక్స్ బ్యాగ్ చూస్తే కడుపులో తిప్పుతోంది.

చివరి పేజీలో ఇలా రాసింది: "రోజూ గ్రౌండ్‌కి వెళ్ళే దారిలో గుడి దగ్గర ఆగి కాలు విరిగితే బాగుండు అని దండం పెట్టుకుంటున్నాను మేడమ్. అప్పుడైతే ఎవరూ ఏమీ అనరు కదా. నేను బద్ధకస్తురాలిని అయిపోయానా? మూడు నెలల్లో సెలెక్షన్ ట్రయల్స్ ఉన్నాయి. అప్పటిదాకా ఎలాగోలా లాగాలా, మానెయ్యాలా?"

తల్లీ, ముందు మొదటి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను ఎందుకంటే నువ్వు దాన్ని మోసుకుంటూ తిరుగుతున్నావు. కాదు. బద్ధకం ఉన్న పిల్ల సెలవు రోజు దొంగతనంగా ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తదు. నీకున్నది బద్ధకానికి పూర్తిగా రివర్స్, ఆగడం చేతకాకపోవడం, ఆగితే ఏమంటారో అన్న భయం. నేను ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా ఉన్నాను, అంతకుముందు 3000 మీటర్లు పరిగెత్తాను, నీలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను, గ్రౌండ్‌లో నాకు భయం వేసేది ఎగ్గొట్టే పిల్లల్ని చూసి కాదు, వద్దన్నా వచ్చే పిల్లల్ని చూసే.

ఇంకో మాట, నేను డాక్టర్‌ని కాదు. ఉత్తరం చదివి నీకు ఫలానా జబ్బు అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ నువ్వు రాసినవి అన్నీ ఒకే ముద్దలా నీకు కనపడుతున్నాయి, "నేను పనికిరాకుండా పోయాను" అనే ముద్దలా. అది ఒకటి కాదు, కనీసం నాలుగు వేరే వేరే సంగతులు చిక్కుపడి ఉన్నాయి, ఒక్కోదాన్నీ విడదీద్దాం.

మొదటిది లోడ్. మన దగ్గర ఇప్పటికీ చాలా గ్రౌండ్లలో ఎంత పరిగెత్తితే అంత బలం అనుకుంటారు, కానీ పరిగెత్తేటప్పుడు ఒంటికి బలం రాదమ్మా, పరిగెత్తేటప్పుడు ఒళ్ళు అరుగుతుంది. బలం వచ్చేది తర్వాత, తిన్నప్పుడు, పడుకున్నప్పుడు. అరిగినదాన్ని ఒళ్ళు కొంచెం ఎక్కువ చేసి పూడుస్తుంది, ఆ ఎక్కువే మనకి టైమింగ్‌లో కనపడేది. పూడకముందే మళ్ళీ అరగదీస్తే గొయ్యి పెరుగుతుంది. నాలుగైదు రోజులో రెండు వారాలో బాగా అలిసిపోయి, తర్వాత లోడ్ తగ్గించగానే ముందుకన్నా బాగా పరిగెత్తితే అది మంచి అలసటే, కోచ్‌లు కావాలనే చేయిస్తారు. అదే లోడ్ తగ్గించినా వారాలు, నెలలు కోలుకోకపోతే అది వేరే. ఇంకా లాగితే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా పాత టైమింగ్ రాని స్థితి వస్తుంది, దాన్నే ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్ అంటారు. పైకి ఈ మూడూ ఒకేలా ఉంటాయి, తేడా తెలిసేది ఆగి చూస్తేనే. నువ్వు ఆగనే లేదు, అందుకే నువ్వు ఎక్కడున్నావో నీకూ తెలీదు, మీ సార్‌కీ తెలీదు, నాకూ తెలీదు. పొద్దున పల్స్ పెరగడం, అంత అలసటలో కూడా నిద్ర రాకపోవడం, చిరాకు, ఏడుపు, ఇవన్నీ ఒళ్ళు ఇరవై నాలుగు గంటలూ స్టార్టింగ్ లైన్ మీదే నిలబడి ఉన్నట్టు లెక్క. పల్స్ ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం, జ్వరం ఉన్నా నీళ్ళు తక్కువ తాగినా పెరుగుతుంది, కానీ నీవి అన్నీ కలిసి ఒకవైపే చూపిస్తున్నాయి.

రెండోది తిండి, నాకు ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఆ మెస్ గోడ. నువ్వేం తింటున్నావో రాశావు, పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం కప్పు అన్నం పప్పు కూర, సాయంత్రం వర్కౌట్ తర్వాత అరటిపండు, రాత్రి రెండు చపాతీ, గుడ్డు వారానికి మూడు. ఎక్కువ వేసి చూసినా 1400 క్యాలరీలు దాటవు. ఇప్పుడు ఖర్చు చూడు. పరుగుకి ఉజ్జాయింపు లెక్క ఒకటుంది, కిలోమీటరుకి కిలో బరువుకి సుమారు ఒక క్యాలరీ. నువ్వు 48 కిలోలు, రోజుకి రెండు సెషన్లూ కలిపి 14 కిలోమీటర్లు అన్నావు, అంటే పరుగుకే దాదాపు 670. 1400లో అది పోతే మిగిలింది 730. గుండె, మెదడు, ఎముకలు, రక్తం, పీరియడ్స్, అన్నీ ఆ 730లో నడవాలి. ఒంట్లో కొవ్వు తీసేస్తే నీ బరువు ఓ నలభై కిలోలు ఉంటుంది అనుకుందాం, ఆ కిలోకి రోజుకి 45 క్యాలరీలు మిగిలితే ఒళ్ళు హాయిగా పనిచేస్తుంది, 30 కన్నా తగ్గితే ఒక్కో డిపార్ట్‌మెంట్‌కీ కరెంటు కట్ చేయడం మొదలుపెడుతుంది అని చెప్తారు. నీకు మిగులుతున్నది పద్దెనిమిది. ఇది ఉజ్జాయింపే, మనిషిని బట్టి మారుతుంది, కానీ అంత తేడా ఉన్నప్పుడు ఉజ్జాయింపు చాలు.

ఆ కరెంటు కట్‌లో మొదట పోయేవాటిలో పీరియడ్స్ ఒకటి. తిండి చాలట్లేదని మెదడుకి తెలిసి, ఇప్పుడు దీనికి ఖర్చు పెట్టలేను అని హార్మోన్ల సిగ్నల్ తగ్గించేస్తుంది. ఈస్ట్రోజన్ పడిపోతుంది, ఈస్ట్రోజన్ అంటే ఎముకలకి కాపలా. ఇరవైల్లో గట్టిపడాల్సిన ఎముక గట్టిపడకుండా పల్చబడుతుంది. 2014లో ఒలింపిక్ కమిటీ వాళ్ళు దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు, అంటే ఆటకి తగ్గ తిండి లేక ఒంట్లో అన్ని పనులూ కుంటుపడటం, ఇది మగపిల్లలకీ వస్తుంది, కాకపోతే వాళ్ళకి పీరియడ్స్ లాంటి గుర్తు లేదు కాబట్టి తొందరగా బయటపడదు. మనకి దేవుడు ఇచ్చిన అలారం అది, మీ సీనియర్ అక్క ఆ అలారం మోగడం చూసి మంచిదేలే అంది. తనని తిట్టకు, తనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు, వీలైతే తనకెన్ని నెలలైందో కూడా అడుగు.

మేరీ కేన్ అని అమెరికా అమ్మాయి, 2013లో 17 ఏళ్ళకే మాస్కో వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో 1500 ఫైనల్ పరిగెత్తింది. తర్వాత చేరిన గ్రూపులో బరువు తగ్గు, ఇంకా తగ్గు అని, అందరి ముందూ బరువు చూసి మాటలనేవారని, మూడేళ్ళు పీరియడ్స్ రాలేదని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో తనే బయటికి వచ్చి చెప్పింది. ప్రపంచంలోనే పెద్ద పెద్ద సైంటిస్టులు, మెషీన్లు ఉన్నచోట జరిగింది ఇది. నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు, ఇది నీ ఒక్కదాని తప్పు కాదు అని తెలియడానికి చెప్తున్నాను.

మూడోది ఆ రూపాయి బిళ్ళంత నొప్పి. ఇక్కడ మాత్రం నేను ఆప్షన్లు ఇవ్వను తల్లీ. ఎముక మీద వేలు పెట్టి ఇక్కడే అని చూపించగలిగే నొప్పి, రాత్రి పడుకున్నా ఉండే నొప్పి, పీరియడ్స్ లేని అమ్మాయికి వస్తే అది ఎముకలో సన్న పగులు, స్ట్రెస్ ఫ్రాక్చర్, కాదని తేలేదాకా అవునే అనుకోవాలి. ఈ వారంలో ఎముకల డాక్టర్‌కి చూపించు, అప్పటిదాకా పరుగు లేదు, గెంతడం లేదు. ఎక్స్‌రే తీసి ఏమీ లేదు అంటే ఊరుకోవద్దు, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే, ఎమ్మారై అవసరమా అని అడుగు. షిన్ బోన్‌లో, అంటే ఆ కాలి ముందు ఎముకలో, లోపలి అంచున అయితే చాలామందికి పరుగు ఆపేస్తే ఆరు నుంచి పన్నెండు వారాల్లో మానుతుంది. అదే ముందు అంచు మధ్యలో అయితే అది మొండిది, నెలలు పడుతుంది, నిర్లక్ష్యం చేస్తే మొత్తం విరిగి రాడ్ వెయ్యాల్సి రావచ్చు.

నా సంగతి చెప్తాను. నేను యూనివర్సిటీకి పరిగెత్తే రోజుల్లో ఇలాగే ఎడమ కాలికి వచ్చింది. అప్పటి మా కోచ్ నాటకాలు అన్నాడు. నేను కూడా నాటకమే ఏమో అనుకున్నాను, నొప్పి నాది అయినా నమ్మింది ఆయన్ని. నాలుగు వారాలు పరిగెత్తాను దాని మీద. ఒకరోజు మెట్లు దిగుతుంటే టప్‌మని శబ్దం వచ్చింది. రెండేళ్ళు పోయాయి, మళ్ళీ పరిగెత్తాను కానీ మళ్ళీ అలా పరిగెత్తలేదు. నువ్వు గుడి దగ్గర దండం పెట్టుకునే విషయం చదివి నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను, ఎందుకంటే ఆ కోరిక తీరితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎవరూ ఏమీ అనరు అన్నది కూడా నిజం కాదు, అంటారు.

నాలుగోది మనసు. ఆటలో బర్నౌట్ అంటే ఉత్త అలసట కాదు, మూడు కలిసి వస్తాయి. మనసు పీల్చేసినట్టు ఉండటం, ఎంత చేసినా ఏమీ సాధించట్లేదు అనిపించడం, ఒకప్పుడు ప్రాణంలా ఉన్న ఆట మీదే విరక్తి, అసహ్యం. నీకు మూడూ ఉన్నాయి. కానీ ఒకటి గమనించు, తిండి లేక, నిద్ర లేక, హార్మోన్లు పడిపోయిన మనిషికి పరుగు మీదే కాదు దేని మీదా ఇష్టం ఉండదు. కాబట్టి "నాకు పరుగు అంటే ఇష్టం పోయింది" అని నువ్వు రాసింది నిజంగా నీ మనసు మాటా, ఆకలితో ఉన్న ఒంటి మాటా అనేది ఇవాళ తేలదు. అందుకే మానెయ్యాలా అన్న నీ రెండో ప్రశ్నకి ఇవాళే జవాబు చెప్పుకోవద్దు అంటున్నాను. మానెయ్యకు అనట్లేదు. అది తేల్చుకోవడానికి కనీసం రెండు నెలలు తిని, పడుకున్న బుర్ర కావాలి.

ఇంకోటి కూడా అడగాలి. కాలు విరిగితే బాగుండు అన్న ఆలోచన ఎప్పుడైనా అంతకన్నా ముందుకి, అసలు నేనే లేకపోతే అన్నదాకా వెళ్తోందా? వెళ్తుంటే ఈ మిగతా విషయాలన్నీ తర్వాత. ఇవాళే ఒక మనిషికి చెప్పు, అమ్మకో, నీకు స్పైక్స్ కొనిచ్చిన ఆ పీఈటీ సార్‌కో. 14416 అని టెలీ మానస్ నంబర్, గవర్నమెంటుదే, ఫ్రీ, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దార్లు చూద్దాం.

ఒకటి, నువ్వన్నట్టు మూడు నెలలు ఎలాగోలా లాగడం. దీని మంచి ఏంటంటే ఎవరితోనూ ఏమీ మాట్లాడక్కర్లేదు, రేపు పొద్దున కూడా ఐదింటికి లేచి వెళ్ళిపోవచ్చు, అందుకే ఇది తేలికగా అనిపిస్తుంది. కానీ ఇప్పటి లెక్కలో ఏడు సెకన్లు వెనక ఉన్నావు, గత కొన్ని నెలలు ఇదే పద్ధతిలో వెళ్తే వెనక్కే వచ్చావు, ఇంకో మూడు నెలలు అదే చేస్తే ముందుకి వస్తావని అనుకోవడానికి నాకు కారణం కనపడట్లేదు. ఎముకలో పగులు ఉంటే ట్రయల్స్ దాకా చేరవు కూడా. ఈ దారిలో ట్రయల్స్ దక్కుతుందనే ఆశ ఒక్కటే ఉంది, ఆ ఆశకి మాత్రం నీ కాలు తాకట్టు.

రెండు, పూర్తిగా ఆపి, టెస్టులు చేయించుకుని, డాక్టర్ చెప్పినదాన్ని బట్టి మెల్లగా మొదలుపెట్టడం. మొదటి రెండు మూడు వారాలు అసలు వర్కౌట్ లేదు, నడక, నిద్ర, తిండి. ఎముక బాగానే ఉంటే ఆ తర్వాత తేలిక జాగింగ్, ఒకరోజు మార్చి ఒకరోజు, పీరియడ్స్ తిరిగి వచ్చి నిద్ర కుదిరేదాకా స్పీడ్ వర్కౌట్ లేదు. ఈ దారిలో ఈసారి ట్రయల్స్ పోవచ్చు, చాలామటుకు పోతాయనే అనుకో. బరువు రెండు మూడు కిలోలు పెరుగుతావు, గోడ మీద అది కనపడుతుంది, మాటలు పడతాయి. మొదటి పది రోజులు నీకే పిచ్చెక్కినట్టు ఉంటుంది, ఆగడం అలవాటు లేదు కాబట్టి. బదులుగా నీకు 20 ఏళ్ళే, 800, 1500 అమ్మాయిలు మంచి టైమింగ్ చేసేది ఇరవైల మధ్యలో, వచ్చే ఏడాది, ఆ పై ఏడాది చేతిలో ఉంటాయి. మన బ్యాడ్మింటన్ సింధు సంగతే చూడు, 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో గోల్డ్ కొట్టింది, ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది, వరల్డ్ ఛాంపియన్‌షిప్ వదిలేసుకుని దాదాపు ఐదు నెలలు కోర్టుకి దూరంగా ఉంది. 2023 జనవరిలో తిరిగొచ్చాక మొదటి టోర్నీల్లో మొదటి రౌండ్లలోనే ఓడిపోయింది కూడా. ఆగితే అన్నీ సినిమాలోలా సర్దుకుంటాయని నేను చెప్పను. కానీ రెండు ఒలింపిక్ మెడల్స్ ఉన్న మనిషికే ఎముక మానడానికి దాని టైమ్ అది తీసుకుంది.

మూడు, మధ్యదారి. ఇది ఎమ్మారైలో ఎముక శుభ్రంగా ఉందని తేలితేనే. మీ సార్‌తో మాట్లాడి లోడ్ సగం చెయ్యడం, రోజుకి ఒక్కటే సెషన్, వారానికి రెండు రోజులు పూర్తి రెస్ట్, తిండి పెంచడం, ట్రయల్స్‌కి ఆరు వారాల ముందు చూసుకుని వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడం. మీ సార్ నిజంగా ఒప్పుకుని చేయిస్తే కొంతమందికి ఇది పనిచేస్తుంది. పేరుకి ఒప్పుకుని పది రోజుల్లో మళ్ళీ పాత పాటే అయితే మాత్రం ఇది మొదటి దారే, పేరు మారింది అంతే. నీ వైపు నుంచి కూడా ప్రమాదం ఉంది, సగం లోడ్ ఇచ్చిన రోజు నువ్వు కాలవ గట్టు మీదకి పోకుండా ఉండగలవా అనేది నిజాయితీగా ఆలోచించుకో.

నాలుగు, ఆ హాస్టల్ నుంచి బయటికి రావడం, లేదా పరుగే వదిలెయ్యడం. దీన్ని ఓటమిలా చూడకు. హాస్టల్ వదిలితే ఫ్రీ మెస్, ట్రాక్, జట్టు పోతాయి, ఇంటి దగ్గర ఒంటరిగా ప్రాక్టీస్ చెయ్యడం కష్టం, కానీ బరువు బోర్డు ఉండదు. పరుగు వదిలేస్తే ఉద్యోగం ఆశ ఇంకోవైపు నుంచి వెతుక్కోవాలి, డిగ్రీ పూర్తి చేసి బీపీఎడ్ చెయ్యొచ్చు, గ్రూప్స్ రాయొచ్చు, నీ స్టేట్ మెడల్ సర్టిఫికెట్ ఎక్కడెక్కడ పనికొస్తుందో కాలేజీలో పీడీని అడుగు. కాకపోతే ఇది పైన చెప్పినట్టు కోలుకున్నాక తీసుకోవాల్సిన నిర్ణయం. గేదెల్ని అమ్మారు కదా అని ఉండిపోవడం, ఒళ్ళు బాలేదని పారిపోవడం, రెండిట్లో నీ ఇష్టం అనేది ఎక్కడా లేదు.

నా మనసు రెండో దారి వైపే ఉంది, దాచను. కానీ ఆ హాస్టల్‌లో రోజులు గడపాల్సింది నువ్వు, నీకు అక్కడ ఎవరు నిలబడతారో, ఎవరు నిలబడరో నాకు తెలీదు.

డాక్టర్ దగ్గర ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళు, ఎన్ని కిలోమీటర్లు, ఏం తింటున్నావు, పీరియడ్స్ ఎప్పుడు ఆగాయి, నొప్పి ఎప్పటినుంచి. ఓవర్‌ట్రైనింగ్‌కి ఇదీ టెస్ట్ అని ఒకటి లేదు, మిగతావి కాదని తేల్చుకుంటూ రావడమే. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడమను, హిమోగ్లోబిన్ బాగానే ఉండి లోపల ఐరన్ నిల్వ అడుగంటిన పరుగు పిల్లలు చాలామంది ఉంటారు. థైరాయిడ్, విటమిన్ డి, షుగర్ కూడా చూస్తారు. పీరియడ్స్ లేవంటే లేడీ డాక్టర్ ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ రాస్తుంది, అది అందరికీ చేసేదే, అమ్మ పక్కన ఉంటే ముందే చెప్పి ఉంచు, లేకపోతే అక్కడ గాభరా పడుతుంది. కొంతమంది హడావిడిగా పీసీఓడీ అనేసి నెలనెలా పీరియడ్స్ వచ్చే మాత్రలు రాసిస్తారు. తిండి చాలక ఆగిన పీరియడ్స్‌కి ఆ మాత్రలు వేస్తే బ్లీడింగ్ వస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది, ఎముకకి మాత్రం ఏమీ ఒరగదు, పైగా అసలు అలారం మూగబోతుంది. అందుకని నేను రోజూ ఇంత పరిగెత్తుతాను, ఇంతే తింటున్నాను అని నోరు తెరిచి చెప్పాలి.

ఇంకో జాగ్రత్త. నీరసంగా ఉందని ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోవడం మన ఇళ్ళల్లో మామూలు. నువ్వు అథ్లెట్‌వి, 12 గంటల్లో 100 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ నరం ద్వారా ఎక్కించుకోవడం డోపింగ్ రూల్స్ ప్రకారం నిషేధం, ఆసుపత్రి వైద్యంలో భాగంగా అయితే తప్ప. ఆ సెలైన్ బాటిల్ అర లీటరు ఉంటుంది. అలాగే రికవరీ ఇంజెక్షన్ అని, పౌడర్ అని ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు, డోపింగ్ టెస్టులో దొరికితే నాకు తెలీదు అన్న మాట చెల్లదు, ఒంట్లో ఏముందో దానికి బాధ్యత అథ్లెట్‌దే. టైమింగ్ పడిపోయి భయంలో ఉన్న పిల్లలకే ఇవి అమ్ముతారు.

మీ సార్‌తో మాట్లాడటం గురించి. ఆయన్ని చెడ్డవాడు అని నేను అనను, నీ ఉత్తరంలోనే ఆయన మీట్‌కి నీ బస్ చార్జీలు పెట్టుకున్న సంగతి కూడా రాశావు. చాలామంది కోచ్‌లు తాము ఎలా పెరిగారో అలాగే పెంచుతారు. కానీ అందరి ముందూ వద్దు, వర్కౌట్ టైమ్‌లో వద్దు, డాక్టర్ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్ళు. "సార్, నేను మానేస్తానని రాలేదు. నా పల్స్ ఇది, నా టైమింగ్స్ ఇవి, ఏడు నెలలుగా పీరియడ్స్ లేవు, డాక్టర్ ఇలా రాశారు. నాకు కోలుకోవడానికి టైమ్ కావాలి" అని చెప్పు. పీరియడ్స్ గురించి మగ సార్‌తో ఎలా అంటావేమో, నోటితో అనలేకపోతే కాగితంలో రాసి ఇవ్వు, లేదా అమ్మనో మీ పాత పీఈటీ సార్‌నో వెంట తీసుకెళ్ళు. ఆయన విని లోడ్ మారిస్తే సరే. నాటకాలు అంటే, ఆయన దగ్గర ఉండాలా వద్దా అన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే వచ్చేసినట్టు.

ఇంట్లో నాన్నకి ఎలా చెప్పాలి అని కుమిలిపోతున్నావు. ఆయన రైతు. దున్నేటప్పుడు ఎద్దు కుంటితే ఏ రైతూ కర్ర తీసి ఇంకో రెండు చాళ్ళు దున్నించడు, కాడి విప్పి చెట్టు కింద కడతాడు, మేత వేస్తాడు. ఆయనకి రెడ్-ఎస్ అక్కర్లేదు, "నాన్నా, నేను కుంటుతున్నాను" అంటే చాలు. నువ్వు గేదెల గురించి ఆలోచిస్తున్నావు, నీకు ఏడు నెలలుగా ఒళ్ళు బాలేదని తెలిస్తే ఆయన గేదెల గురించి ఆలోచిస్తాడా? ఒక రోజు బాధపడతాడు, కోప్పడొచ్చు కూడా. ఆ ఒక్క రోజుని నువ్వు భరించాలి.

తిండి విషయం మెస్ మార్చేదాకా ఆగక్కర్లేదు. పొద్దున ఇడ్లీ రెండు కాదు నాలుగు, మధ్యాహ్నం అన్నం రెండింతలు, రాత్రి అన్నం మానొద్దు, రోజూ రెండు గుడ్లు, ఇంటి నుంచి శెనక్కాయలు, బెల్లం తెచ్చుకుని గదిలో పెట్టుకో, గ్లాసు పాలు. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, వారానికి కొంచెం కొంచెం పెంచు. తినాలంటేనే భయం వేస్తుంటే, తిన్నాక తప్పు చేసినట్టు ఉంటే, అది కూడా డాక్టర్‌తో చెప్పాల్సిన విషయమే.

ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కో. పొద్దున మంచం దిగకముందు పల్స్, ఎన్ని గంటలు నిద్ర, కాలి నొప్పి పదికి ఎంత, మనసు ఎలా ఉంది ఒక్క ముక్కలో. ఖరీదైన వాచీలు, రక్తపరీక్షల కన్నా ముందే చాలాసార్లు ఆ చివరి గడి చెప్తుంది. రెండు నెలలు రాశాక ఒకసారి వెనక్కి తిప్పి చదువుకో, పరుగు కావాలా వద్దా అన్నది అప్పుడు అడుగుదాం.

ఈ ఆదివారం సాయంత్రం కాలవ గట్టుకి పోవద్దు. ఆ టైమ్‌కి అమ్మకి ఫోన్ చెయ్యి. సోమవారం ఎముకల డాక్టర్. ఏం చెప్పారో నాకు రాయి, నాలుగు పేజీలైనా ఫర్వాలేదు.